పంచరైతే ఏటి సేస్తావు?

మా ఇంట్లో నా ప్రయాణాలన్నీ ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోయేవి. "పంచరైతే ఏటి సేస్తావు?" అనేవాడు మా ఆయన. పేపరు మడతపెడుతూనో, చెవిలో పుల్ల తిప్పుకుంటూనో, ఎంతో తీరిగ్గా అడిగేవాడు. వాన వస్తే ఏం చేస్తావని గానీ, దారి తప్పితే ఏం చేస్తావని గానీ ఎప్పుడూ అడగలేదు. వాటికి నా దగ్గర జవాబులున్నాయని ఆయనకు తెలుసు. పంచరుకు లేదు.

ఆయన నాకు మేనత్త కొడుకు. పెళ్లికి ముందూ బావే, తర్వాతా బావే. అందుకే మా మధ్య మీరూ, గారూ లేవు. ఆయన నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యాడు, నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. విజయనగరంలో కాపురం. యాభై నాలుగో ఏట నేను కారు నేర్చుకున్నాను. "మేడమ్, మీకు బ్రేకు కంటే హారన్ మీద నమ్మకం ఎక్కువ" అన్నాడు నేర్పినాయన. అయినా లైసెన్సు మొదటిసారే వచ్చింది. ఊళ్లో తిరగడానికి ఇంట్లో అభ్యంతరం లేదు. రైతుబజారుకు వెళ్లొచ్చు, బ్యాంకుకు వెళ్లొచ్చు. భావనపాడుకు మాత్రం ఒంటరిగా వెళ్లకూడదు.

భావనపాడులో మా అప్ప ఉంది. అప్ప అంటే మా వైపు అక్క. మాది సముద్రం మీద బతికిన ఇల్లు. మా అయ్య పడవ మీద వేటకు వెళ్లేవాడు, అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి చేపలు అమ్మేది. నేను చదువు పట్టుకుని బయటపడ్డాను, అప్ప అమ్మ తట్ట పట్టుకుని అక్కడే ఉండిపోయింది. అరవై దాటినా ఇప్పటికీ తెల్లారేసరికి ఒడ్డున ఉంటుంది. పడవ ఇసుక మీదికి రాగానే అందరికంటే ముందు చేపల బుట్టలోకి చెయ్యి పెట్టేది తనే.

నా కోరిక పెద్దదేమీ కాదు. చిన్నప్పటిలా ఒక్క పొద్దు అప్ప పక్కన ఆ ఇసుకలో కూర్చుని పడవలు రావడం చూడాలి. పెళ్లయిన దగ్గర్నుంచి అది కుదరలేదు. మేం ఎప్పుడు వెళ్లినా పదకొండింటికి చేరతాం. కానాగంత చేపల పులుసుతో అన్నం తింటాం. మూడు కొట్టేసరికి బావ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడతాడు. "బేగి రాయే, ఎలుతురుండగా ఎళ్లిపోదుం." ఆయనకు పరాయి పక్క మీద నిద్ర పట్టదు. ఎన్నేళ్లయినా ఆ మూడు గంటలు నాలుగు కాలేదు. నేనొక్కదాన్నే వెళ్తానంటే పంచరు అడ్డొచ్చేది.

అలాంటి రోజుల్లో రన్‌ఫ్లాట్ టైర్ల గురించి నా చెవిన పడింది. మాతో పనిచేసిన సైన్సు టీచరు, అల్లుడు కొన్న పెద్ద కారు గురించి చెబుతూ, దాని టైర్లో గాలి పోయినా బండి ఆగదంది. గాలి మొత్తం పోయినా ఎనభై కిలోమీటర్లు వెళ్లొచ్చట, వేగం ఎనభై దాటకుండా ఉంటే చాలట. నేను ఆమె చేతిలో కాఫీ గ్లాసు చల్లారిపోయేదాకా ప్రశ్నలు వేశాను. బావ ప్రశ్నకు జవాబు ఎవరో టైరు రూపంలో తయారుచేసి పెట్టారని అనిపించింది.

ఆ రోజే పాత లెక్కల నోటు తీసి మధ్యలో నిలువు గీత గీశాను. ఎడమ వైపు మంచి, కుడి వైపు చెడ్డ. మంచి వైపు మొదటి వరుసలో మా దారి వేశాను. విజయనగరం, రణస్థలం, శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, అక్కడి నుంచి కుడికి తిరిగి నౌపడ మీదుగా భావనపాడు. ఎక్కడ గాలి పోయినా ఎనభై కిలోమీటర్ల లోపు ఏదో ఒక ఊళ్లో టైర్ల షాపు ఉంటుంది. రోడ్డు పక్కన నిలబడి ఎవరి సాయం కోసమూ చూడక్కర్లేదు. జాకీ ఎత్తక్కర్లేదు. స్టెప్నీ అసలే ఉండదు కాబట్టి డిక్కీ ఖాళీ, అప్ప ఇచ్చే ఎండు నెత్తళ్ల మూట అక్కడ పడేస్తే కార్లో వాసన రాదు. ఇంకేం కావాలి? కుడి వైపు రాయడానికి నాకు మనసు ఒప్పలేదు.

బావ మాత్రం నోటులోకి తొంగిచూసి, వాళ్ల అన్నయ్యతో ఫోన్లో మాట్లాడుతూ నవ్వాడు. "రన్‌ఫ్లాట్లంట. రాత్రీ పగలూ అయ్యే సూస్తన్నాది."

మర్నాడు పొద్దున్నే మా తోటికోడలు ఫోను. "ఏటే, మాకో మాట సెప్పకుండా రణస్థలంలో ప్లాట్లు కొంతన్నారట?"

నాకు ఒక నిమిషం దాకా ఏమీ అర్థం కాలేదు. మా వైపు ఇద్దరు కలిస్తే ప్లాట్ల గురించి తప్ప మాట్లాడని కాలం ఇది. రన్‌ఫ్లాట్ అన్న మాట ఆ ఇంటి ఫోను దాటేసరికి రణస్థలం ప్లాటు అయిపోయింది.

"కొనలేదక్కా, ఊరికే సూస్తన్నాను" అన్నాను ఏమీ ఎరగనట్టు.

"ఎన్నేటి?"

"నాలుగు."

"నాలుగే! తూరుపు మొకమా?"

"గుండ్రంగా ఉంటాయక్కా, ఎటు తిప్పితే అటే మొకం."

"గుండ్రటి ప్లాటేటే? మతి గాని పోయిందా?" అంది. నవ్వాపుకోలేక అసలు సంగతి చెప్పాను. ఆమె నమ్మలేదు. ఇప్పటికీ మాకు రణస్థలంలో ఏదో ఉందనే వాళ్ల అనుమానం.

టైర్ల షాపుకు ఒక్కదాన్నే వెళ్లాను. షాపాయన నా కారు చూశాడు, నన్ను చూశాడు, స్టూలు తుడిచి వేశాడు. మా భావనపాడు దారి చెప్పి, రన్‌ఫ్లాట్లు కావాలన్నాను. "రన్‌ఫ్లాటా? అయి పెద్ద బళ్లకొస్తాయి మేడమ్. మీ బండి సైజుకి దొరకడం కష్టం. పై ఊళ్లనించి తెప్పించాల. ఒకటి పాడైపోతే మళ్లీ తెప్పించాల. టెక్కల్లో అడిగితే మొకమొకాలు సూసుకుంతారు" అన్నాడు. ఆ మాటతో నా మంచి వైపు మొదటి వరుస సగం చెరిగిపోయింది. ఎనభై కిలోమీటర్లలో షాపు ఉంటుంది గానీ, షాపులో టైరు ఉండదు.

ఎవరిదో పెద్ద కారుకు తీసేసిన పాత రన్‌ఫ్లాట్ ఒకటి మూల నుంచి దొర్లించుకొచ్చి, మామూలు టైరు పక్కన పెట్టాడు. "ఈ పక్క గోడ నొక్కి సూడండి." మామూలు టైరు గోడ బొటనవేలికి కొంచెం లొంగింది. రన్‌ఫ్లాట్ గోడ మా అప్ప అరికాలంత గట్టిగా ఉంది. గాలి పోయినప్పుడు బండి బరువు మోసేది ఆ గోడేనట. గాలి ఉన్నప్పుడు మాత్రం ఆ గట్టితనమే మనకు శిక్ష, ప్రతి గొయ్యీ నడుముకు తెలుస్తుందన్నాడు. బొబ్బిలి నుంచి వీణలు తెచ్చే ఒకాయనకు అలాంటి కారుండేదట. వీణ మెట్లు మైనం మీద నిలబెడతారు కదా, ఆ అదురుకు మైనం ఎక్కడ బీటలు వారుతుందోనని వెనక సీట్లో కూర్చుని దారంతా వీణను ఒళ్లో పడుకోబెట్టుకుని వచ్చేవాడట.

"గాలి లేకుండా కొంత దూరం నడిపేసాక దానికి పంచరెయ్యమంటే మేం ఎయ్యం. లోపల ఎంత నలిగిపోనాదో పైకి తెల్దు. ఇంకో సిక్కేటంటే, గాలి పోయిందని కూడా మీకు తెల్దు. బండి మామూలుగానే నడుస్తాది. అందుకే గాలి తగ్గితే సెప్పీ సెన్సారు దానికుండాల. లేపోతే గాలి లేని టైరు మీద ఎంత దూరం వచ్చేసామో మనకే తెల్దు."

చివరికి ఆయనే అడిగాడు. "మీ బండి కొని ఎన్నేళ్లయింది? ఎన్నిసార్లు పంచరైంది?"

"ఎనిమిదేళ్లు. ఒక్కసారీ కాలేదు."

"ఒక్కసారీ కాని పంచరు కోసం నాలుగు టైర్లూ పీకేస్తారా? పోనీ, స్టెప్నీ ఎపుడు సూసారు?"

నేను తాళాలు ఆయన చేతికిచ్చాను. ఆయన డిక్కీ తెరిచి మ్యాటు ఎత్తాడు. అడుగున స్టెప్నీ కొత్త పెళ్లికూతురులా కూర్చుని ఉంది. కారు కొన్న రోజు పూజ చేసినప్పుడు నాలుగు చక్రాలకూ బొట్టు పెట్టి, కింద నిమ్మకాయలు పెట్టి, ఐదో దాన్ని చిన్నబుచ్చకూడదని మా అత్తయ్య దానికీ పసుపూ కుంకుమా పెట్టించింది. రోడ్డెక్కిన నాలుగింటి బొట్టూ ఆ రోజే చెరిగిపోయింది. దీని బొట్టు మాత్రం ఎనిమిదేళ్లుగా చెక్కుచెదరలేదు. గాలి చూస్తే సగమే ఉంది. ఆయన గాలి పట్టి, బొట్టు చెరగకుండా మళ్లీ దాని చోట్లో పెట్టాడు.

ఇంటికొచ్చి నోటు కుడి వైపు నింపాను. అన్యాయంగా నిండిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. టైర్ల కోసం కాదు, భావనపాడు మళ్లీ దూరమైనందుకు. అయినా స్టెప్నీ మీద ఆ బొట్టు చూశాక ఒక ఆలోచన పట్టుకుంది. టైరు మార్చడం ఎలాగో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. పప్పు ఉడికేలోపు ఒకటి, బట్టలు మడతపెడుతూ ఒకటి. లెక్కలు చెప్పినదాన్ని కనుక వరుస బాగానే గుర్తుంటుంది. హ్యాండ్‌బ్రేకు, చక్రానికి రాయి, నట్లు కొంచెం సడలించడం, ఆ తర్వాతే జాకీ. జాకీ ముందు ఎత్తేస్తే నట్టు తిప్పినప్పుడల్లా చక్రమూ తిరుగుతుంది. ఈ సంగతి బావతో అనలేదు. వీడియోలు చూసి ఈత నేర్చుకున్నావా అంటాడని భయం.

తర్వాతి నెలలో ఇద్దరం భావనపాడు బయల్దేరాం. నేనే నడుపుతున్నాను. రణస్థలం దాటుతుంటే బావ కిటికీలోంచి వేలు చూపించి, "అదిగోనే నీ గుండ్రటి ప్లాట్లు" అన్నాడు. మంచి హుషారులో ఉన్నాడు. టెక్కలి దాటి కుడికి తిరిగాం. నౌపడ ఉప్పుమళ్ల దగ్గర ఎండకు నీళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. అక్కడ స్టీరింగు నా చేతిలోంచి ఎడమకు లాగింది. కింద ఏదో తపతపమని కొట్టుకుంది. నిదానంగా పక్కకు తీసి ఆపాను. దిగి చూస్తే ఎడమ ముందు టైరు నేలకు అతుక్కుపోయి ఉంది.

ఎనిమిదేళ్లలో మొదటి పంచరు అది. ఇక జన్మలో నన్ను ఒంటరిగా పంపడు అనుకున్నాను.

బావ దిగాడు. సైటు చూడటానికి వచ్చిన ఇంజనీరులా చేతులు వెనక్కి కట్టుకుని టైరు దగ్గర అటూ ఇటూ తిరిగాడు. డిక్కీ తెరిచాడు. మ్యాటు ఎత్తి స్టెప్నీ చూసి, "బొట్టుందే దీనికి" అన్నాడు. జాకీ తీసి ముందు ఒక వైపు చూశాడు, తలకిందులు చేసి ఇంకో వైపు చూశాడు. కారు కిందికి వంగాడు, లేచాడు. మళ్లీ వంగాడు.

"ఇదెక్కడ పెట్టాలే?" అన్నాడు చిన్న గొంతుతో.

"నన్నడుగుతావేటి బావా? రోజూ అడిగింది నివ్వు కదా."

జాకీని నేల మీద పెట్టి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "నాకు రాదే. ఆఫీసు జీపుకి డ్రైవరు మార్చీవోడు. నాను సెట్టు నీడని నిలబడీవోడిని. మన కారుకెపుడూ కాలేదు. అయితే ఏటి సేస్తానో తెలీకే నానూ ఎక్కడికీ ఒక్కడినీ ఎళ్లలేదు. సూసుకో కావాలంటే."

నేను చూసుకున్నాను. నిజమే. బొబ్బిలిలో పెళ్లికి వెళ్తే మేనల్లుడు తోడొచ్చాడు. కొత్తవలస వెళ్తే రైలెక్కాడు. ఇన్నేళ్లూ ఆ ప్రశ్న నన్ను అడుగుతున్నాడనుకున్నాను. తనను తానే ప్రశ్నించుకుంటూ, జవాబు రాక, నా వైపు విసిరేవాడన్నమాట. టైర్ల షాపాయన మాట గుర్తొచ్చింది. గాలి పోయినట్టు పైకి తెలియదు, బండి మామూలుగానే నడుస్తుంది. మా ఇంట్లో రన్‌ఫ్లాట్ ఎప్పట్నుంచో ఉంది, నాకే సెన్సారు లేదు.

ముందు కోపం తన్నుకొచ్చింది. అప్ప ఇంట్లోంచి నేను లేచి రావాల్సి వచ్చిన మూడు గంటలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఒక మాట అందామని తలెత్తాను. ఆ ఎండలో, ఉప్పుమళ్ల పక్కన, నుదుటి మీద చెమటతో, తప్పు చేసి దొరికిన ఆరో తరగతి పిల్లాడిలా నిలబడ్డాడు. నాకు నవ్వొచ్చింది. కోపం ఎటు పోయిందో తెలియదు.

"ఒక రాయి సూసి ఎనక సక్రం కింద పెట్టు" అన్నాను.

కుచ్చిళ్లు పైకి దోపాను, అమ్మ ఒడ్డున దోపినట్టే. స్పానరు నట్టుకు తగిలించి చేత్తో తిప్పితే కదల్లేదు. దాని మీద కాలేసి నిలబడ్డాను. కీచుమని కదిలింది. నాలుగూ సడలించాక జాకీ పెట్టాను. బావ జేబురుమాలు పరిచి నట్లు అందులో వేసుకుని, ప్రసాదం పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. స్టెప్నీ ఎక్కించి, చేత్తో బిగించి, జాకీ దించి, మళ్లీ కాలేసి గట్టిగా బిగించాను. ఎంతసేపు పట్టిందో చూసుకోలేదు. చేతులు నల్లబడ్డాయి, చీర పాడైంది, నడుము పట్టేసింది. అంత సంతోషంగా నేను ఈ మధ్య ఎప్పుడూ లేను.

స్టెప్నీ బొట్టు మొదటి పది గజాల్లోనే దుమ్ములో కలిసిపోయి ఉంటుంది.

అప్ప నా చేతులు చూసి కంగారుపడింది. "ఏటైందే? ఎక్కడ పడ్డావు?" నేను నోరు తెరిచేలోపు బావే చెప్పాడు. "పంచరైంది వదినా. నీ సెల్లే మార్సింది. నాను నట్లు పట్టుకున్నాను." అంతే. ఒక ముక్క దాచలేదు. ఆ మాటకు ఆయన మీద నాకు ఎంత ముద్దొచ్చిందో ఇక్కడ రాసుకుంటాను గానీ ఆయనకు చెప్పను.

పులుసన్నం తిన్నాం. మూడయింది. అలవాటు ప్రకారం బావ చెప్పులేసుకున్నాడు. నేనూ లేచాను. బావ గుమ్మంలో నిలబడి వీధిలోకి చూస్తూ అన్నాడు. "టెక్కల్లో ఆ టైరుకి పంచరేయించాల కదా. అక్కడ నన్ను బస్సు కాంప్లెక్సు దగ్గిర దించీ. బస్సులో ఎళ్లిపోతాను. నివ్వు రేపో ఎల్లుండో రా."

"ఒక్కదాన్నా?"

"నీకొచ్చు కదా. ఇంకేటని అడగను?"

అప్ప లోపల్నుంచి వింటూనే ఉంది, కానీ బయటికి రాలేదు.

టెక్కలిలో పంచరు షాపతను టైరు నీళ్లలో తిప్పి, పట్టకారుతో ఒక మేకు లాగాడు. వేలంత పొడుగు, తుప్పు పట్టి ఉంది. "ఇంత మేకు ఎక్కడ దొరికిందమ్మా మీకు?" అన్నాడు. పారేయబోతే తీసుకుని కొంగున ముడివేశాను. మామూలు టైరు కాబట్టి అక్కడే పంచరు వేసి, గాలి పట్టి ఇచ్చేశాడు. నోటులో ఆ ఒక్కటీ మామూలు టైరు వైపు రాయాల్సిందే.

కాంప్లెక్సులో బస్సు సిద్ధంగా ఉంది. బావ కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చున్నాడు. నేను కింద నిలబడి, వీలైనంత తీరిగ్గా అడిగాను.

"బస్సు పంచరైతే ఏటి సేస్తావు బావా?"

కొంచెం కూడా ఆలోచించలేదు. "నీకు ఫోను సేస్తాను" అన్నాడు. బస్సు కదిలింది.

టెక్కలి నుంచి భావనపాడు దాకా ఒంటరిగా నడిపాను. అద్దాలు దించి, దారంతా టైర్ల చప్పుడు వింటూ వెళ్లాను. ఉప్పుమళ్ల దగ్గర పొద్దున మేం ఆగిన చోటు, చక్రం కింద పెట్టిన రాయి అలాగే ఉన్నాయి. రన్‌ఫ్లాట్లు ఉండి ఉంటే ఇక్కడ ఆగేవాళ్లమే కాదు కదా అనిపించింది. దర్జాగా అప్ప ఇంటికి చేరి, పులుసు తిని, మూడింటికి బయల్దేరేవాళ్లం. బావకు జాకీ పెట్టడం రాదని నాకు తెలిసేది కాదు, నాకు వచ్చునని బావకు తెలిసేది కాదు. ఆ ప్రశ్న అలాగే ఉండిపోయేది. పెద్ద రోడ్ల మీద పెద్ద కార్లలో తిరిగేవాళ్లకు ఆ టైర్లు మంచివే, కాదనను. నాకు మాత్రం ఆగడమే కలిసొచ్చింది.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరాను. కారులోంచి నేనొక్కదాన్నే దిగడం చూసి అప్ప చేతిలో చీపురు పక్కన పెట్టింది. రేపు తెల్లారి ఒడ్డుకు వస్తానని చెప్పాను. తను పక్క తేవడానికి లోపలికి వెళ్లింది. తిరిగొచ్చాక కొంగు ముడి విప్పి, మేకు తన అరచేతిలో పెట్టాను. దీపం దగ్గర అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది పడవ మేకే" అంది. "పాత పడవేదో ఇప్పీసినపుడు రోడ్డున పడుంటాది. మనోలదే."

దాన్ని గూట్లో అయ్య ఫొటో పక్కన పెట్టింది. నా వైపు తిరగకుండానే కళ్లొత్తుకుని అంది.

"ఒక్క రేతిరి నిన్ను ఆపడానికి, ఇన్నాళ్లకి మనోలే మేకు కొట్టాలిసొచ్చినాదే!"